విత్తనం తెలియనిది

ఆదివారం పొద్దున్నే పట్టుపురుగుల షెడ్డులో మొదటి మేత వేసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, సొన్నమ్మ వంటింటి గడప మీద కూర్చుని కాఫీ తాగుతోంది. రాయల్పాడు దాటి ఆంధ్రా వైపు పోయే రోడ్డు పక్కన వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక షెడ్డు, షెడ్డు వెనక మల్బరీ తోట, తోట చివర బోరు. ఆ బోరు మోటారు కేబులును దొంగలు రెండోసారి కోసుకుపోయినప్పటి నుంచి ఇంట్లో ఒకటే పాట, కుక్క కావాలని. కావాలన్నంత వరకూ అందరిదీ ఒకే మాట. ఏ కుక్క అన్న దగ్గరే ఇల్లు రెండుగా చీలింది.

"మాలూరులో అమ్మే జాతి కుక్కపిల్లే తెద్దాం," అంది సొన్నమ్మ. "దాని అమ్మా అబ్బా ఎవురో కాగితం రాసిస్తారంట. మనం రేష్మె పురుగులు యాడబడితే ఆడ తెస్తామా? గుడ్డు యాడిది, రోగం లేదని పరీక్ష చేసినారా లేదా, అన్నీ అడిగే కదా తెస్తాము. కుక్కా అంతే."

అక్కడ రేష్మె అనే పట్టును పండించే ఇళ్ళలో ఈ మాటకు తిరుగులేదు. పురుగుల గుడ్లనే వాళ్ళు విత్తనం అంటారు. ఆ విత్తనంలో రోగం ఉంటే నెల రోజులూ కడుపునిండా ఆకు తిని, తీరా గూడు కట్టే వేళకు పురుగులు నల్లబడి చచ్చిపోతాయి. చేసిన కష్టమంతా గుంతలో పోసి సున్నం చల్లాల్సిందే. అందుకే విత్తనం దగ్గర వాళ్ళు ఎవరినీ నమ్మరు. అందులో తప్పేమీ లేదు. ఆ నియమాన్ని పురుగుల దగ్గరే ఆపి ఉంటే ఈ కథా లేదు, ఈ ఏడుపూ లేదు.

"ఆ మాలూరాయన తల్లిని చూపించలేదత్తా," అంది కోడలు ప్రేమ, పొయ్యి మీద రాగిసంకటి గెలుకుతూనే. "రెండుసార్లు అడిగినాను. వేరే చోట ఉండాదన్నాడు. నేనే వెనక పక్కకు పోయి చూస్తే బోనులో ఒక ఆడకుక్క పడుకోనుండాది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, పొదుగు నేలకు జారిపోయుండాది. ఒక ఈత పిల్లలు పాలు మరిచేలోగా ఇంగో ఈతకు కట్టిస్తాడంట. ఆ కాగితాలన్నీ దాని పిల్లలవే."

"వాని యాపారం వానిది. మనకెందుకు?"

"మరి శ్రీనివాసపురంలో నాగరత్న టీచరమ్మ దగ్గరుండే కుక్క? నంగలి రోడ్డులో లారీ తగిలి పడుంటే ఎత్తుకొచ్చి బాగుచేసినారు. సూదులన్నీ ఏయించినారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ చేయించినారు. కొత్తోళ్ళు గేటు దగ్గరికొస్తే లేచి అడ్డం నిలబడతాది. నేను చూసినాను."

"దాని తల్లెవురు?"

"తెలీదత్తా."

"తండ్రి?"

అదీ తెలీదని ప్రేమ తల అడ్డంగా ఊపింది. సొన్నమ్మ గ్లాసు కింద పెట్టింది. "విత్తనం తెలీందాన్ని నా గడప లోపలికి తేవద్దు. తిండి పెట్టినంత మాత్రాన పుట్టుక మారిపోతాదా? ఈ పొద్దు తోక ఆడించింది రేపు దూడనే కరస్తాది."

ప్రేమ తల తిప్పి మొగుడి వైపు చూసింది. మునీంద్ర గోడకానుకుని కూర్చుని సెల్‌ఫోను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియని సంగతి ఒకటి ఆ ఫోనులో ఉంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లలు పుట్టకపోతే, ఇద్దరూ రహస్యంగా దత్తతకు పేరు నమోదు చేయించుకున్నారు. మూడేళ్ళకు పైగా ఎదురు చూశాక, శుక్రవారం సాయంత్రం ఆ ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. ఏడాది దాటిన ఆడపిల్ల. పల్చటి జుట్టు, అమాయకంగా తెరుచుకున్న నోరు. రెండు రోజుల్లో అవునో కాదో చెప్పాలి. కాదంటే బిడ్డను ఇంకొకరికి చూపిస్తారు, వీళ్ళ పేరు వరుసలో అట్టడుగుకు పోతుంది. ఆ రెండు రోజుల గడువు ఇవ్వాళ సాయంత్రంతో సరి.

ముందు కుక్క మాట తేలనీ, అమ్మ మనసు మెత్తబడితే బిడ్డ మాట ఎత్తుదాం అన్నది మునీంద్రే. మునీంద్ర మంచివాడే, కాదని ఎవరూ అనరు. మాలూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకు ఎదురు చెప్పడు, శనివారం ఇంటికొస్తే అమ్మకు ఎదురు చెప్పడు, భార్యకూ చెప్పడు. అందరికీ తలూపే మనిషి కష్టమొచ్చినప్పుడు ఎవరి పక్కనా నిలబడడని ప్రేమకు కొత్త కాపురంలోనే తెలిసొచ్చింది. తెలిసీ ఇన్నాళ్ళు సర్దుకుంది. ఇవ్వాళ మాత్రం ఆమె సంకటి కుండ దించి, చేతులు తుడుచుకుని, అత్త ఎదుట నేల మీద కూర్చుంది.

"అత్తా, కుక్క సంగతి పక్కన పెట్టు. మేము ఒక బిడ్డను తెచ్చుకొంటా ఉండాము. ఆడపిల్ల. ఈ పొద్దు సాయంత్రంలోగా ఒప్పుకోవల్ల."

సొన్నమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాఫీ గ్లాసు పక్కకు నెట్టేసింది. "ఎవురి బిడ్డ?"

"ఎవురో కన్న బిడ్డ. ఇంగ మా బిడ్డ."

"మునీంద్రా, ఇది నిజమేనా?"

"నువ్వు ఒప్పుకొంటేనేమా," అన్నాడు మునీంద్ర నేల చూపులు చూస్తూ. ప్రేమ కళ్ళు మూసుకుంది. ఒప్పుకుంటేనే అన్న మాట ఇద్దరూ కలిసి అనుకున్నది కాదు.

"అయితే విను. ఎవురో కని పారేసిన బిడ్డ, నేను బతికుండంగా ఈ గడప తొక్కకూడదు. మీకు బిడ్డ కావల్లంటే మన వాళ్ళలో ఎవురినైనా అడుగుతాను. పేరూ ఊరూ లేందాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టొద్దు. ఇదే నా కడామాట."

మునీంద్ర లేచాడు. చూరులోని కొడవలి తీసుకున్నాడు, ఆకు మూట కట్టే గోనెగుడ్డ భుజాన వేసుకున్నాడు. "గలాటా వద్దు. పురుగులకు ఆకు కోసుకొస్తాను," అని తోటలోకి వెళ్ళిపోయాడు. భార్య వైపు ఒక్కసారైనా చూడలేదు.

అంతవరకూ మామ సుబ్బరాయప్ప వరండాలో కూర్చుని, పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికకు తెగిన అల్లిక వేసుకుంటున్నాడు. ఆడవాళ్ళ మాటల్లో తలదూర్చే అలవాటు ఆయనకు లేదు. కాని కోడలు నోరు తెరవకుండా ఏడుస్తుంటే చూడలేకపోయాడు.

"చాలు లేవే," అన్నాడు సొన్నమ్మతో. "నిన్ను కన్నదెవురో నాకు తెలుసునా? అయినా నేను కట్టుకోలేదా?"

అనేశాక ఆయన చేతిలోని వెదురు బద్ద కింద పడింది. సొన్నమ్మ ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం కంటే ఎక్కువగా, ఇంకెప్పటికీ నిన్ను నమ్మను అన్న తీర్మానం ఉంది.

"చెప్పేసినావు," అంది. "మీయమ్మ పోయిన దినం నా చెయ్యి పట్టుకొని ఏమి చెప్తివి? ఈ మాట ఇంగ మన ఇద్దరితోనే పోతాదంటివి. కోడలి ముందర చెప్పేసినావు కదప్పా."

లేచి షెడ్డులోకి వెళ్ళిపోయింది. ప్రేమ షెడ్డు వాకిట్లో చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని ఆమె వెనకే లోపలికి పోయింది. షెడ్డులో పురుగులు ఆకు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. సొన్నమ్మ తట్టల మధ్య నేల మీద కూర్చుని ఉంది.

"బంగారు గనుల కాడ, చాంపియన్ రీఫ్‌లో, గని కూలోళ్ళ లైన్ ఇండ్లలో పెరిగినాను," అంది ప్రేమను చూడకుండానే. "మా నాయిన గనిలోకి దిగేవాడు. ఆస్పత్రిలో ఎవురో కని వదిలిపెట్టి పోతే, బిడ్డలు లేరని మాయమ్మ ఎత్తుకొనింది. మాయమ్మకు నేనంటే పానం. కానీ కొళాయి కాడ లైన్లో ఆడోళ్ళంతా నన్ను ఆస్పత్రి బిడ్డ అనే పిలుస్తా ఉండిరి. నాకు పేరుండాదని కూడా వాళ్ళకు గుర్తులేదు."

"అత్తా..."

"పెండ్లయినాక ఎట్లనో మాయత్తకు తెలిసిపోయింది. రేష్మె ఇంట్లో కొత్త పురుగులు వస్తే మొదటి ఆకు కోడలు ఏయల్ల కదా. నన్ను ఏయనీలేదు. విత్తనం తెలీని చెయ్యి పడితే పంట పోతాదనింది. పదకొండేండ్లు ఈ వాకిలి బయటే నిలబడి ఆకు అందించినాను. ఒకసారి పురుగులకు రోగమొస్తే అదీ నా మీదే ఏసినారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆమె పోయినాక ఈ షెడ్డు నా చేతికొచ్చింది. ఇంగెవురూ అడగకుండా, అందరి కంటే గట్టిగా నేనే విత్తనం విత్తనం అని అరిచినాను. అరిచేవాళ్ళను ఎవురూ అనుమానపడరు మా."

"మరి ఆ బిడ్డను ఎందుకు వద్దన్నావత్తా? నీకంటే ఎవురికి తెలుసు?"

"తెలుసు కాబట్టే. నేను పడింది ఆ పసిబిడ్డ పడాలనా? దాన్ని చూసినప్పుడల్లా నేను గుర్తుకు రావాలనా? నాకు భయం ప్రేమా. అసహ్యం కాదు. భయం."

ప్రేమ తన ఫోను తీసి, మునీంద్ర దగ్గర నుంచి పంపించుకున్న ఫోటో చూపించింది. సొన్నమ్మ వద్దన్నట్టు ముఖం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"చెవులు కుట్టించలేదే ఇంగా," అంది వేలితో ఫోటోను తడిమి. "ఏడాది దాటితే నొప్పి ఎక్కువ. రాంగానే కుట్టించేయల్ల." ఫోను తిరిగిచ్చి, "దాచొద్దు మా. ఊర్లో ముందే చెప్పేయండి, మేమే తెచ్చుకొన్నామని. దాచినందుకే నేను ఇట్లయిపోయినాను," అంది.

ప్రేమ అత్త మోకాళ్ళ మీద తలపెట్టి ఏడ్చింది. తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఆమె సంతోషంతో ఏడవడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటారా, మునీంద్ర ఆకు మూటతో షెడ్డు వాకిట్లోకి వచ్చేవరకు.

"అత్త ఒప్పుకొనింది," అంది ప్రేమ పరుగున ఎదురుపోయి. "ఫోను తియ్యి. అవునని చెప్పేద్దాం."

మునీంద్ర మూట దించలేదు. "చెప్పేసినాను," అన్నాడు.

"ఏమని?"

"వద్దని. తోటలోనే. అమ్మ అంత మాటన్నాక ఇంగేముండాది అనుకొన్నా. ఎట్లయినా కాదనేదే కదా, సాయంత్రం దాకా నువ్వు ఏడుస్తా కూర్చుంటావని..."

"నన్ను ఒక మాట అడగాలని అనిపించలేదా నీకు?"

"గలాటా వద్దని ప్రేమా."

"గలాటా వద్దని," అంది ప్రేమ. మళ్ళీ షెడ్డులోకి పోయింది. ఆమె అరిచి ఉంటే, తిట్టి ఉంటే బాగుండేదని మునీంద్రకు అనిపించింది. అలాంటివాళ్ళకు ఎప్పుడూ అట్లాగే అనిపిస్తుంది.

సోమవారం దత్తత ఆఫీసు తెరవగానే ప్రేమ ఫోను చేసింది. పొరపాటు జరిగిందని బతిమాలింది. అవతల మాట్లాడిన ఆమె ఓపిగ్గానే విన్నది. బిడ్డను నిన్ననే ఇంకో దంపతులకు చూపించామని, వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారని, మీ పేరు మళ్ళీ వరుసలో వస్తుందని చెప్పింది. ఎప్పుడొస్తుందని ప్రేమ అడగలేదు. మునీంద్ర మాలూరు బస్సెక్కేటప్పుడు ఆమె బయటికి రాలేదు. సుబ్బరాయప్ప కాఫీ కావాలని అడిగితే సొన్నమ్మ గ్లాసు నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. నలుగురున్న ఇంట్లో పురుగులకే వేళకు తిండి దొరికింది.

బుధవారం మధ్యాహ్నం సొన్నమ్మ ఎవరికీ చెప్పకుండా శ్రీనివాసపురం పోయి ఆటోలో తిరిగొచ్చింది. దిగేటప్పుడు ఆమె చేతిలో తాడు, తాడు చివర కుంటుకుంటూ ఒక ఎర్రకుక్క. ఎదురింటి చిన్నవెంకటమ్మ తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతూ చూసింది.

"ఏమి సొన్నమ్మా, మాలూరు నుంచి జాతి పిల్లను తెస్తామంటివి. ఇది ఎవురిది?"

"ఎవురు కన్నారో తెలీదమ్మా దీన్ని," అంది సొన్నమ్మ వీధిలో నిలబడే. "నన్ను కన్నదెవురో కూడా తెలీదు. ఇన్నేండ్లు మీకు చెప్పలేదు, ఈ పొద్దు చెప్తా ఉండాను. ఊర్లో అందరికీ చెప్పు."

చిన్నవెంకటమ్మ చేతిలో బట్ట అట్లాగే ఆగిపోయింది. సొన్నమ్మ కుక్కను లోపలికి నడిపించుకుపోయి, వసారాలో స్తంభానికి కట్టింది. ప్రేమ వంటింట్లోంచి అంతా విన్నది. బయటికొచ్చి కుక్కను చూసింది, అత్తను చూసింది. మూడు రోజులుగా ఆపుకున్నది బయటికి వచ్చేసింది.

"బిడ్డకు బదులు కుక్కనా అత్తా?"

"బదులు కాదు మా. దానికి బదులు యాడుండాది?" సొన్నమ్మ మెట్టు మీద కూలబడింది. "మళ్ళా మీ పేరు వచ్చినా వచ్చేది వేరే బిడ్డ. ఆ నోరు తెరుచుకొన్న బిడ్డ రాదు. నేను ఆ మాట అనకుంటే కొన్నాళ్ళకు మన ఇంట్లో నడస్తా ఉండును." స్తంభం దగ్గరున్న కుక్క వైపు చూసింది. "మాయమ్మ చదువుకోలేదు. గని లైన్లో ఒకే గది. ఆ గదిలో నాకు చోటిచ్చింది, ఎవురి బిడ్డని ఒకపొద్దైనా అడగలేదు. నాకు ఇంత ఇల్లుండి, ఇంత తోటుండి, నేను ఏమి చేసినాను?"

ఆమె ఏడుపులో చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ప్రేమకు అత్తను ఓదార్చాలని లేదు. క్షమించాలనీ లేదు. అయినా వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. తాను కూడా ఏడవడం మొదలుపెట్టాక సొన్నమ్మ తన చెయ్యి పట్టుకుంటే, ప్రేమ విడిపించుకోలేదు.