పదకొండుసార్లు ఎత్తని ఫోన్

ఆ గొంతు వినగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసులో టోకెన్ పట్టుకుని గంటన్నరగా నిలబడి ఉందామె. నిలబడి ఉంది అనడం మర్యాదకే. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, నిమిషానికోసారి గడియారం చూస్తూ, కాలుకాలిన పిల్లిలా ఉంది. అప్పుడే వెనకనుంచి ఎవరో అడిగారు.

"మేడమ్, ఒక్క నిమిషం... ఫిర్యాదుల క్యూ ఇదేనా?"

గిర్రున తిరిగింది. చేతిలో ఫైలు, చెదిరిన జుట్టు, ఆమె ఈడువాడే.

"మళ్ళీ అనండి."

"ఏమిటండీ?"

"'మీ ఫైల్ ప్రాసెస్‌లో ఉంది మేడమ్' అనండి. వింటాను."

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "మీరు... బ్రేకు మేడమా?"

డ్రైవింగ్ నేర్పుతుందామె. స్కూలంటే పెద్దదేం కాదు. ఆమె, ఆమె పక్క సీటు దగ్గర అదనంగా ఒక బ్రేకు ఉన్న పాత కారు, అంతే. స్టూడెంట్లు పెట్టిన పేరు బ్రేకు మేడమ్. నాన్న ఆపరేషన్‌కి రెండు క్రెడిట్ కార్డులు గీకి, మీద ఇంకో లోన్ తీసుకుంది. తీర్చలేక సతమతమవుతుంటే ఒక సెటిల్‌మెంట్ కంపెనీ దొరికింది. బ్యాంకుతో మాట్లాడి అప్పు సగానికి తగ్గిస్తాం, పని అయ్యాకే ఫీజు అన్నారు. రెండో నెల నుంచే ఫీజు గుంజడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలైంది. అప్పు పైసా తగ్గలేదు. ఫోన్ చేసినప్పుడల్లా తేనె పూసిన ఈ గొంతు మాత్రం పలికేది. బ్రేకు మేడమ్ అన్న పేరు ఆ గొంతుకి చెప్పింది కూడా తనే.

"ఇక్కడికి కూడా పంపారా మిమ్మల్ని, నా ఫైల్ ప్రాసెస్ చెయ్యడానికి?"

"నేను మానేసి నెలయిందండీ. నాకే మూడు నెలల జీతం రావాలి. దానికోసం వచ్చాను."

కౌంటర్‌లోని గుమాస్తా తలెత్తకుండానే అన్నాడు. "జీతాల గొడవ పక్క బిల్డింగ్, రెండో అంతస్తు."

క్యూ అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"మానేసిన రోజే మీకు ఫోన్ చేశాను," అన్నాడతను గొంతు తగ్గించి. "ఇంక డబ్బు కట్టొద్దని చెబుదామని. పదకొండుసార్లు చేశాను. మీరు ఎత్తలేదు."

ఫోన్ తీసి చూసింది. ఉన్నాయి, పదకొండూ ఉన్నాయి, తెలియని నంబరు నుంచి.

"తెలియని నంబర్లు ఎత్తొద్దని చెప్పిందెవరు? బ్యాంకు వాళ్ళు వేధిస్తారు, మేం చూసుకుంటాం, మీరు మాత్రం ఎత్తొద్దు అని వారం వారం నూరిపోసిందెవరు?"

"నేనే," అన్నాడు తేలు కుట్టిన దొంగలా.

మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. అప్పు తగ్గిస్తామని చెప్పడానికే బ్యాంకు ఆరుసార్లు ఫోన్ చేసింది. అవీ ఎత్తలేదామె. ఇక మిగిలింది ఆఖరి అవకాశం. ముప్పయ్యో తారీఖులోగా మొదటి విడత కడితే మిగతాది సగానికి సగం తగ్గిస్తారు, లేదంటే కోర్టు. ఆ విడత ఇంచుమించు కంపెనీ మింగిన ఫీజంత. అది వెనక్కి రాకపోతే కారు అమ్మాల్సిందే. కారు పోతే బతుకుతెరువు పోయినట్టే.

తిరిగి ఫిర్యాదుల ఆఫీసుకి వచ్చేసరికి మెట్లమీద అతను ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఫిర్యాదు నేను రాసిస్తాను. సాక్ష్యం కూడా చెబుతాను. లోపల ఏం జరుగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

"దొంగ చేతికి తాళాలివ్వాలా?"

"తాళం ఎలా తీశారో చెప్పగలిగేది దొంగే కదండీ!"

నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసింది.

ఆమెకు కూర్చుని రాసే తీరిక లేదు కాబట్టి ఫిర్యాదు కారులోనే తయారైంది. ముందు సీట్లో రిటైరైన లెక్కల మాస్టారు స్టీరింగ్‌తో కుస్తీ పడుతుంటే, వెనక సీట్లో అతను లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చిన చోటల్లా ఒక కామా పడింది.

"క్లచ్! మాస్టారూ, క్లచ్! ప్రాసెస్సూ, తర్వాత ఏం రాశారు?"

"'ఎనిమిది నెలలుగా నన్ను మభ్యపెట్టి'..."

"'నమ్మించి మోసగించి' అని రాయండి. మభ్యపెట్టడం చిన్నమాట."

"రాశాను." లాప్‌టాప్ మీంచి తలెత్తి, "నమ్మారా నన్ను?" అని అడిగాడు.

మాస్టారు అద్దంలోంచి వెనక్కి చూశారు. కారు ఫుట్‌పాత్ ఎక్కబోయింది. ఆమె బ్రేకు తొక్కింది.

"రోడ్డు చూడండి మాస్టారూ!" అని అరిచింది. చెవులు ఎందుకు వేడెక్కాయో ఆమెకే తెలియలేదు. వాన చినుకులు మొదలైతే వైపర్ వెయ్యమనడం కూడా మరిచిపోయింది.

విచారణకి ముందురోజు చూడకూడనిది చూసింది. కంపెనీ ఆఫీసు మెట్లు దిగుతున్నాడతను. పక్కన మేనేజరు, భుజం మీద చెయ్యేసి మరీ.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇంటికెళ్ళి అన్నం కెలికి లేచిపోయింది. గదిలోంచి వసారాకి, వసారాలోంచి గదిలోకి తిరుగుతుంటే అమ్మ విసుక్కుంది.

"ఆ తిరుగుడేంటే? నేల అరిగిపోతుంది."

"అమ్ముడుపోయాడమ్మా."

"ఎవరు?"

"ఎవడో ఒకడు," అంది. కారు పోతుందన్న బాధ కంటే ఇది ఎక్కువగా ఉందేమిటని తనమీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు విచారణ గదిలో కంపెనీ లాయరు తాపీగా అన్నాడు. "పని అయ్యాకే ఫీజు అని మా వాళ్ళెవరూ చెప్పలేదు సార్. ఆవిడ పొరబడ్డారు. అలా చెప్పినవాళ్ళుంటే చూపించమనండి."

"నేనే చెప్పాను," అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది.

వానలో తడిసి ముద్దయి ఉన్నాడు. వచ్చి నిలబడి, కంపెనీ వాళ్ళు చదవమని ఇచ్చిన పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. పని అయ్యాకే ఫీజు. బ్యాంకు ఫోన్లు ఎత్తొద్దు. మీ ఫైల్ ప్రాసెస్‌లో ఉంది.

అధికారి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇది అబద్ధమని మీకు తెలుసా?"

"మొదటి మూడు నెలలు తెలియదు సార్. తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నాలుగు నెలలు ఈవిడకి అదే చెప్పాను. ఉద్యోగం పోతుందని భయం." మేనేజరు వైపు చూశాడు. "ఈరోజు రాకుండా ఉంటే బాకీ ఉన్న జీతమంతా ఇస్తామని నిన్న పిలిచి చెప్పారు. వద్దన్నాను. కానీ అరగంట ఆలోచించాను సార్. ఆ సిగ్గుతోనే ఈవిడ ఫోన్ ఎత్తలేకపోయాను."

మేనేజరు కుక్కిన పేనులా కూర్చున్నాడు. వారంలోగా ఫీజు మొత్తం తిరిగివ్వాలని అధికారి ఉత్తర్వు రాశాడు. బయటికి వచ్చి ఆమె వెతికేసరికి అతను వెళ్ళిపోయాడు.

ఇరవై ఎనిమిదిన డబ్బు పడింది. ఇరవై తొమ్మిదిన బ్యాంకులో విడత కట్టింది. కారు నిలిచింది. మనసు మాత్రం కుదురుగా నిలవలేదు.

"నాలుగు నెలలు తెలిసీ నాతో అబద్ధం చెప్పాడమ్మా," అంది.

అమ్మ బట్టలు మడతపెడుతూనే జవాబిచ్చింది. "చెప్పాడు. నలుగురిలో నిలబడి ఒప్పుకున్నాడు కూడా. మీ నాన్న ముప్పై ఏళ్ళలో ఒక్కటి ఒప్పుకోలేదు."

పేపరు వెనకనుంచి నాన్న దగ్గారు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం వానలో అతని ఇంటి ముందు కారు ఆపింది. అతను గొడుగైనా లేకుండా వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"డబ్బు వచ్చిందా?"

"వచ్చింది. కట్టేశాను. మీ జీతం?"

"పక్క బిల్డింగ్‌లో ఫిర్యాదిచ్చాను. తిరుగుతున్నాను."

"ఆరోజు చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారు?"

"పని అయిపోయింది కదా. ఇంక మిమ్మల్ని కలవడానికి కారణం లేదనిపించింది."

"ఇప్పుడు?"

"ఇప్పటికీ లేదు. వారం నుంచి వెతుకుతున్నాను, ఒక్కటి దొరకలేదు." వాననీళ్ళు తుడుచుకున్నాడు. "మీరంటే ఇష్టం. అది కారణం కిందకి వస్తుందో రాదో తెలియదు."

ఆమె కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పోయేదాకా ఆగే ఓపికా లేదు.

"నా కోపం తగ్గడానికి ఇంకో నాలుగు నెలలు పడుతుంది," అంది. "రోజూ వచ్చి తిట్లు తినాలి."

"తింటాను. ఎప్పట్నుంచి?"

ఆమె పక్క సీటు తలుపు తెరిచింది.

"ఎక్కండి. మీరు వస్తున్నారని అమ్మానాన్నలకి చెప్పేశాను."