ముప్పై మూరలు

"నెగెటివ్ కాగితం యాడ?"

"ఫోన్లో ఉండాది."

"ఫోన్ చూపించు."

"చార్జింగ్ లేదు."

ఆదోని మైదానం గేటు దగ్గర ఉమేష్ జాబితా మీద నుంచి తల ఎత్తాడు. ఎదుటి అమ్మాయి మాస్కు పైన రెండు కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కళ్ళలో బతిమాలుకోవడం లేదు.

"అయితే లోపలికి పోయేకి లేదు."

"కౌతాళం నుంచి మొదటి బస్సుకు వచ్చినా, సార్. పరిగెత్తేకి."

"రూలు రూలే. నేను సార్ని కాదు."

"కాదా? మరి అంత గట్టిగా మాట్లాడతాండావు."

ఆమె వెనక నిలబడ్డ మనిషి మూతికి కట్టుకున్న తువ్వాలు సర్దుకుని, చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఇదో, కాగితం నా దగ్గర ఉండాది. ఈ పిల్ల ఊరికే నిన్ను సతాయిస్తాంది. అర్చన దీని పేరు. నేను దీని నాయన్ని, గిడ్డయ్య."

ఆమె నవ్విందని మాస్కు కదిలితే తెలిసింది. ఉమేష్‌కు కోపం రావాలి. రాలేదు.

అర్చన లోపలికి పోయింది. గిడ్డయ్య కూడా అడుగు వేస్తే ఉమేష్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు బయటనే ఉండాలప్పా. చూసేవాళ్ళను రానియ్యద్దన్నారు."

"నేను చూసేవాణ్ణి కాదు. దాని నాయన్ని."

"నాయనలను కూడా వద్దన్నారు."

మైదానం ప్రహరీ గోడ చాలా ఎత్తు. గిడ్డయ్య ఆ గోడకు వీపు ఆనించి, ఎదురుగా ఉన్న పత్తి జిన్నింగ్ మిల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అది రెండు వేల ఇరవై ఒకటి, సెప్టెంబరు. కరోనా రెండో అల తగ్గింది గానీ దాని భయం తగ్గలేదు. ఏ ఊళ్ళోనూ పోయినవాళ్ళ ఫోటోలకు వేసిన దండలు ఇంకా తియ్యలేదు. జిల్లా అథ్లెటిక్స్ మీట్ రద్దయింది. ఏ ప్రాంతం వాళ్ళు ఆ ప్రాంతంలోనే, జనం లేకుండా పరుగులు పెట్టి, టైములూ వీడియోలూ పంపితే వాటిని బట్టే ఎంపిక చేస్తామన్నారు. ఇరవై మూడేళ్ళ లోపు ఆడపిల్లలకు పదిహేను వందల మీటర్లు. నాలుగు నిమిషాల యాభై సెకన్ల లోపు వస్తే అకాడమీలో సీటు. అర్చనకు ఇరవై రెండు నిండాయి. వచ్చే ఏడు ఆమెకు ఈ అవకాశం లేదు.

లోపల పదిహేను మందికి మించి ఉండకూడదు. అందుకని అథ్లెటిక్స్ సంఘం కార్యదర్శి గురుప్రసాద్ అన్ని పనులూ ఉమేష్ నెత్తిన వేశాడు. ఉమేష్‌ది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. మోకాలు చెడకముందు ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేవాడు. లాక్‌డౌన్‌లో మగ్గం ఆగింది. ఏ పని చెప్పినా చేసే స్థితిలో ఉన్నాడు. గేటు అతనే, మైకు అతనే. ముందురోజు ట్రాకు కొలిచి సున్నం గీతలు వేసింది కూడా అతనే.

కొలిచింది తాడుతో. స్టీలు టేపున్న గదికి తాళం ఉంది. తాళంచెవి కరోనాతో ఇంట్లో పడుకున్న వ్యాయామ మాస్టారి దగ్గర ఉంది. పోయి పిలిస్తే గోడ మీది నుంచి విసిరేసేవాడు. ఉమేష్ పోలేదు, భయం. బదులుగా ఇంట్లో నూలు పేని, యాభై మీటర్లకు సరిగ్గా కొలిచి, ముడులేసిన తాడు తెచ్చాడు. నేతకు పడుగు దారాలు పరిచే వీధిని వాళ్ళ నాయన అట్లాంటి తాడుతోనే కొలిచేవాడు. చుట్టుకు ఎనిమిది తాళ్ళు. ఆ సాయంత్రం సన్నగా వాన పడుతూనే ఉంది.

పరుగు మొదలైంది. ఆరుగురు అమ్మాయిలు. మామూలుగా అయితే ప్రహరీ గోడ నిండా పిల్లలు, గేటు దగ్గర బొరుగుల బండి, ఈలలు. ఈసారి బూట్ల చప్పుడు వినిపించింది. ఊపిరి కూడా వినిపించింది.

చుట్టు నంబరు మాత్రం మైకులో చెప్పమన్నాడు గురుప్రసాద్. ఉమేష్ మొదటి చుట్టుకు అంతే చెప్పాడు. గోడ బయట మనిషి గుర్తుకొచ్చాడు.

"రెండో చుట్టు. అర్చన ముందుంది."

బయట నుంచి ఒక గొంతు: "ఉరుకు తల్లీ."

"మూడో చుట్టు. అర్చన చాలా ముందుంది. అలిసిపోలేదు. చేతులు బాగా ఆడతాండాయి."

గురుప్రసాద్ కళ్ళెర్రజేశాడు. ఉమేష్ అటు చూడలేదు.

టైం కీపరు పద్మ టీచరు గడియారం ఆపి చదివింది. నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. మిగతా ఐదుగురూ ఐదు నిమిషాలు దాటారు.

అర్చన ఊపిరి తీసుకుని, నీళ్ళు తాగి, మైకు దగ్గరకు వచ్చింది. "అంత గట్టిగా ఎవరికి సెప్పినావు? కాకులకా?"

"గోడ బయట మీ నాయన ఉన్నాడు కదా."

ఆమె ఎగతాళి చేసేకి ఇంకేదో మాట సిద్ధం చేసుకునే వచ్చింది. అనలేదు. మాస్కు కిందికి లాగి చొక్కా అంచుతో మూతి తుడుచుకుంది. అప్పుడు చూశాడు దగ్గర నుంచి ముఖం మొత్తం. చిన్నగా మళ్ళీ చినుకులు మొదలైనాయి. ఇద్దరూ కదలలేదు.

"నీ నంబరియ్యి. సర్టిఫికెట్ ఎప్పుడిస్తారో అడగాల."

సర్టిఫికెట్ గురించి ఆమె ఒకే ఒకసారి అడిగింది. పది రోజులు ఫోన్ చేసింది.

"ఏం చేస్తాండావు?"

"మగ్గం గుంతలో ఉండా."

"గుంతలో ఏంటికి? బయటికి రా."

"కాళ్ళు గుంతలో పెట్టే నేస్తారు. నీకు తెలీదా?"

"మాకు సేను తెలుసు, ఎద్దులు తెలుసు. అకాడమీలో అమ్మాయిలు ఇంగ్లీషులో మాట్లాడితే ఏం సెయ్యాల?"

"నువ్వు ముందు పరిగెత్తు. వెనకున్నవాళ్ళు ఏ భాషలో మాట్లాడితే ఏం?"

ఆమె నవ్వేది. ఫోన్ పెట్టేసినాక ఉమేష్ కాసేపు మగ్గం ఆడించేవాడు కాదు.

పదకొండో రోజు మళ్ళీ నూలు వచ్చింది. పడుగు వేద్దామని తాడు తీశాడు. వీధిలో రాళ్ళ గుర్తులున్నాయి, యాభై మీటర్లకు నాయన పాతినవి. తాడు రెండో రాయి దాకా రాలేదు. మూర తక్కువ. మళ్ళీ పరిచాడు. మూర తక్కువ. పక్కింటి వాళ్ళ స్టీలు టేపు తెచ్చి కొలిచాడు. మూర తక్కువే.

తడిసిన నూలు తాడు కుంచించుకుపోతుంది. మగ్గం ఇంట్లో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా? వానాకాలం పడుగు బిగుసుకుంటుందని వదులు చేసేది అతనే. తెలిసి కూడా ఆ సాయంత్రం ఆలోచించలేదు. తెలియనివాడి తప్పు కాదిది.

తాడుకు మూర. చుట్టుకు ఎనిమిది మూరలు. మూడు చుట్లూ ముప్పావు. ముప్పై మూరలు, సుమారు పద్నాలుగు మీటర్లు. అర్చన పరిగెత్తింది పదిహేను వందల మీటర్లు కాదు. ఆ ముప్పై మూరలకు ఆమెకు దగ్గర దగ్గర మూడు సెకన్లు పడుతుంది. హద్దుకూ ఆమె టైముకూ ఉన్న తేడా రెండు.

ఆ సాయంత్రం అర్చన ఫోన్ చేసింది. "మా నాయన బూట్లు తెచ్చినాడు, ఆదోని నుంచి. ఒక సైజు పెద్దవి. అకాడమీకి పోతే కాళ్ళు పెరుగుతాయంట."

ఉమేష్ నవ్వాడు. ఏమీ చెప్పలేదు.

మరుసటి రోజూ చెప్పలేదు. మూడో రోజు ఊళ్ళో అందరూ తనను పేరు పెట్టి పిలుస్తున్నారని అర్చన చెప్పింది, అంతకుముందు గిడ్డయ్య కూతురనేవాళ్ళట. ఆ రోజు కూడా నవ్వాడు. నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున కౌతాళం బస్సెక్కాడు.

అర్చన చేనులో పత్తి తొలి తీత తీస్తోంది. అతన్ని చూసి ఒడిలోని పత్తి జార్చుకుంది.

"సర్టిఫికెట్ తెచ్చినావా?"

"లేదు." నిలబడే అంతా చెప్పాడు. తాడు, వాన, మూర. తలవంచుకుని చెప్పాడు.

గిడ్డయ్య సాలులోంచి లేచి వచ్చాడు. "ఎవరికన్నా సెప్పినావా?"

"మీకే ముందు."

"అయితే ఇంకెవరికీ సెప్పద్దు. పో."

అర్చన అతన్నే చూస్తోంది. "ఎప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఈ దినం గురువారం." ఆమె ఒడి విప్పి మిగిలిన పత్తిని గోనెలో దులిపింది. "ఆదివారం నేను బూట్ల గురించి సెప్పినా."

"సెప్పినావు."

"నవ్వినావు."

అర్చన గోనె మూతి బిగించి కట్టింది.

"నాయనా, ఆదోనికి పోవాల" అంది అర్చన. "మళ్ళా పరిగెత్తాల."

"నీకేమన్నా పిచ్చా? వచ్చిన సీటును ఎవరన్నా వద్దంటారా?"

"ఇంకో ఊళ్ళో ఒక పిల్ల మొత్తం పరిగెత్తి ఉంటాది, నాయనా. ఒక సెకనుకు సీటు పోయి ఉంటాది. ఆ పిల్లకు కూడా నాయన ఉంటాడు."

గిడ్డయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంటి దగ్గర ఆగి అర్చన పాత బూట్లు సంచిలో వేసుకున్నాక, బస్సు స్టాపు దాకా ముగ్గురూ నడిచారు.

ఆదోనిలో గురుప్రసాద్ విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎవరు సూసినారప్పా? మైదానం ఖాళీ. సంఘం పరువు ఏంటికి తీస్తారు?"

"ఖాళీనే, అన్నా" అంది అర్చన. "పరిగెత్తింది నేను కదా. నాకు తెలిసిపాయె."

"రేపు సాయంత్రానికి వివరాలు పోవాల. ఆఖరి తేదీ."

పద్మ టీచరు ఫోన్లోనే తేల్చేసింది. పాత కాగితం మీద తను సంతకం చెయ్యదు. రేపు పొద్దున ఆరుకు గడియారం పట్టుకుని వస్తుంది. అమ్మాయి వస్తే రావచ్చు.

గిడ్డయ్య గేటు దగ్గర నిలబడి ఉమేష్ వైపు చూశాడు. "నువ్వు సెప్పకుంటే ఈ పిల్ల పోయిండేది. సెప్పినావు. నిన్ను కొట్టాలో, దండం పెట్టాలో నాకు తెలీదు."

తండ్రీకూతుళ్ళు ఆదోనిలో చుట్టాలింట్లో ఉండిపోయారు. ఉమేష్ వ్యాయామ మాస్టారింటికి పోయి పిలిచాడు. తాళంచెవి గోడ మీది నుంచి పడింది. అంత సులభమైన పని.

శుక్రవారం పొద్దున పద్మ టీచరే ట్రాకు కొలిచింది. ఉమేష్‌ను టేపు కొస పట్టుకోనిచ్చింది. సున్నం మాత్రం ముట్టుకోనియ్యలేదు.

"నువ్వు నోరు కూడా తెరవద్దు" అంది. "మైకు లేదు, సలహాలు లేవు."

పక్కన పరిగెత్తేవాళ్ళు లేరు, వెనక తరిమేవాళ్ళు లేరు. గిడ్డయ్య మళ్ళీ గోడ బయటే. ఎన్నో చుట్టో అతనికి చెప్పేవాళ్ళు కూడా లేరు. అర్చన ఒంటరిగా గీత మీద నిలబడింది. ఎప్పటి నుంచో వేసుకుంటున్న పాత బూట్లే వేసుకుంది.

రెండు చుట్లు బాగా పరిగెత్తింది. మూడో చుట్టులో భుజాలు బిగిశాయి. ఉమేష్‌కు కనబడుతూనే ఉంది. చేతులు వదులు చెయ్యి అని చెప్పేకి మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. చివరి మలుపులో ఆమె తల వెనక్కి వాల్చి, పళ్ళు బిగించి, ఉన్నదంతా పెట్టింది.

పద్మ టీచరు గడియారం రెండుసార్లు చూసింది. నాలుగు నిమిషాల యాభై ఒక్క సెకను.

గురుప్రసాద్ పాత టైము కొట్టేసి కొత్తది రాశాడు. టీచరు సంతకం చేసి, అర్చన తల మీద చెయ్యి వేసి తీసి, వెళ్ళిపోయింది.

అర్చన మైదానం మధ్యలో కూర్చుంది. ఏడవలేదు. చాలాసేపటికి ఉమేష్ పోయి కాస్త దూరంలో కూర్చున్నాడు.

"నీ ముప్పై మూరలు క్షమిస్తా" అంది. "పొరపాటు ఎవరన్నా చేస్తారు. నాలుగు దినాలు నాతో నవ్వినావు చూడు. అది క్షమించను."

"క్షమించద్దు."

"ఏంటికి దాచినావు?"

"సెప్తే నువ్వు ఫోన్ చెయ్యవని."

"మరి ఏంటికి సెప్పినావు?"

అతను గడ్డి పరక తెంచాడు. ఇది చెప్పకుండా ఉంటే బాగుంటుందని తెలుసు. "తప్పని సెప్పినా. అదొక్కటే కాదు. నువ్వు అకాడమీకి పోతే మళ్ళా రావని కూడా అనుకున్నా. నిజం సెప్తే నువ్వు ఈడనే ఉంటావు అనే ఆశ నాలో ఉండె. ఏది ముందో, ఏది వెనకో నాకు తెలీదు. ఇది కూడా దాస్తే ఇంకో తప్పు."

అర్చన అతని వైపు తిరిగి చూసింది, మొదటి రోజు గేటు దగ్గర చూసినట్టు కాదు.

"నువ్వు దేనికి సెప్పినా నేను పరిగెత్తేదాన్నే" అంది. "అది నీ గొప్ప కాదు."

"కాదు."

"నేను మానెయ్యను కూడా. అకాడమీ లేకుంటే లేదు. ఓపెన్ పోటీలకు వయసు అడగరు."

"అడగరు."

"ప్రతిదానికీ తల ఊపద్దు. నన్ను ప్రేమించినావా?"

"ఔ."

"అయితే పోయి మా నాయనకు నువ్వే సెప్పు. ఇప్పుడే పోవాల. దీనికి నాలుగు దినాలు ఇయ్యను."

ఉమేష్ లేచాడు. గేటు తెరుచుకుని బయటికి పోయాడు. గిడ్డయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. టైము అప్పటికే గురుప్రసాద్ చెప్పినట్టుంది, ముఖం అలా ఉంది. ఉమేష్ మాస్కు తీసేసి, ఎదురుగా నిలబడి చెప్పాడు. మూడు మాటల్లో అయిపోయింది.

గిడ్డయ్య మిల్లు వైపు చూపు తిప్పాడు. "మీది మగ్గం ఇల్లు. మాది సేను. మా వాళ్ళు ఒప్పరు. మీ వాళ్ళూ ఒప్పరు."

"ఔనప్పా."

"నువ్వు నా పిల్ల సీటు పోగొట్టినావు."

"పోగొట్టినా."

"ఏమన్నా అడ్డం సెప్తావేమో అని సూస్తాండా."

అర్చన వచ్చి గేటు దగ్గర ఆగింది. తండ్రి ఆమెను చూశాడు, ఇతన్ని చూశాడు. తువ్వాలు మూతికి కట్టుకున్నాడు.

"మా ఊరి ఆటో మార్కెట్ యార్డు కాడ ఉండాది" అన్నాడు గిడ్డయ్య, ఉమేష్‌తో. "ముగ్గురికి చోటుంటాది."