ఏడో సలహా

"నాకు గ్రౌండ్ ఫ్లోర్‌లో గది కావాలండీ. వెనక వింగ్‌లో. వంటగది పక్కన మాత్రం వద్దు. రెండో లిఫ్ట్‌కి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది."

కౌంటర్ వెనక నిలబడ్డ బుజ్జి చేతిలోంచి తాళం కార్డు జారి కింద పడింది. తీసుకోవడానికి వంగి, బల్ల కిందే ఒక క్షణం ఆగిపోయింది. వెనక వింగ్, రెండో లిఫ్ట్... ఈ మాటలు తనవే. తను రాసినవే.

"గ్రౌండ్ ఫ్లోర్‌కి లిఫ్ట్ ఎందుకు సార్?" అంది పైకి లేచి.

ఆ యువకుడు తడబడ్డాడు. "ఊరికే. ఉందో లేదో తెలుసుకుందామని."

ఊరికేనట! థీమ్ పార్కు పక్కనున్న చవక హోటల్‌కి పిల్లా జెల్లా లేకుండా ఒక్కడే, భుజాన సంచీ, చేతిలో నోటుబుక్కు పట్టుకుని వచ్చినవాడు లిఫ్టుల సంగతి ఊరికే అడుగుతాడా? వచ్చేశాడు. హెడ్డాఫీసు మనిషి వచ్చేశాడు.

ఆ భయం ఎందుకో తెలియాలంటే నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. బుజ్జి రిసెప్షన్‌లో చేరిన మొదటి నెలలో ఒక ముసలావిడ మనవలతో వచ్చి పార్కు వైపు గది తీసుకుంది. ఆ పాటల హోరుకి రెండు రోజులు కన్ను మూతపడక, కౌంటర్ ముందు సోఫాలో కూర్చుని ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే బుజ్జి ఒక తెల్లకాగితం తీసుకుని రాసింది: పార్కు వైపు గదులు చూడ్డానికి బాగుంటాయి, నిద్ర కావాలంటే వెనక వింగ్ అడగండి. మర్నాడు ఇంకోటి చేర్చింది: పెద్దవాళ్ళుంటే రెండో లిఫ్ట్ ఎక్కండి, మొదటిది కుదుపుతుంది. ప్లగ్ పాయింటు మంచం వెనక ఉంది, గదంతా వెతక్కండి. అదనపు దిండు కావాలంటే సాయంత్రం ఆరులోపే అడగండి. టిఫిన్‌కి ఏడింటికే వెళ్ళండి, ఏడున్నరకి కుర్చీ దొరకదు. బస్సు కోసం నిలబడొద్దు, వెనక దారిన నడిస్తే పార్కు ఏడు నిమిషాలు. చివరగా ఏడోది, పార్కులోని జెయింట్ వీల్ అంటే భయపడేవాళ్ళ కోసం. ఆ చీటీని జెరాక్స్ తీసి తాళం కార్డుతో పాటు మడిచి ఇచ్చేది. ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు.

రెండు రోజుల క్రితం నోటీసు బోర్డు మీద హెడ్డాఫీసు కాగితం పడింది. ఎవరో అనుమతి లేకుండా అతిథులకు సలహాల చీటీ పంచుతున్నారట. రాసినవాళ్ళు ఎవరో తేలగానే ఉద్యోగంలోంచి తీసేస్తారట. విచారణకు మనిషి కూడా రావచ్చట. ఉద్యోగం పోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. బుజ్జీ, అదే హోటల్ లాండ్రీలో పనిచేసే వాళ్ళమ్మా ఉంటున్న క్వార్టరు బుజ్జి పేరు మీద ఇచ్చినదే. మిగిలిన పదకొండు చీటీలూ ఇప్పుడు బుజ్జి సొరుగులో, స్టేప్లర్ డబ్బా అడుగున ఉన్నాయి.

"నూటపన్నెండు, సార్," అంటూ కార్డు అతని చేతిలో పెట్టింది. అతను కళ్ళెత్తి చూశాడు. బెదురు బెదురుగా ఉన్న పెద్ద కళ్ళు. హెడ్డాఫీసువాళ్ళకి ఇలాంటి కళ్ళు కూడా ఉంటాయా అనుకుంది. వెంటనే తనను తానే తిట్టుకుంది.

మధ్యాహ్నానికల్లా అతను లాండ్రీ దాకా వెళ్ళాడు. ఆ కబురు మోసుకొచ్చింది అమ్మే.

"ఆ నూటపన్నెండు కుర్రాడు లాండ్రీకి కూడా వచ్చాడే. సలహాల చీటీ ఎవరు రాస్తారండీ అని అడిగాడు."

"నువ్వేమన్నావ్?" అడిగింది బుజ్జి.

"నాకు చదువు రాదు నాయనా, దుప్పట్లడుగు చెప్తానన్నాను. పాపం, కంగారు పడిపోయాడు. దుప్పట్ల గురించి అడిగాడు."

"పాపమేంటమ్మా! మన కొంప ముంచడానికి వచ్చాడు!"

"ముంచేవాడి మొహం అలా ఉండదే," అంది అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు."

అమ్మ మాట బుజ్జి చెవికెక్కలేదు. భయం పట్టిన మనిషి ఏంచేస్తుంది? మర్యాదలు చేస్తుంది. సాయంత్రం నూటపన్నెండుకి రెండు దిండ్లు అదనంగా పంపింది. కాసేపయ్యాక చాలవేమోనని ఇంకో నాలుగు పంపింది. తువ్వాళ్ళు, సబ్బులు, కొత్త దుప్పటి పంపింది. రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక అద్దంలో చూసుకుంటే కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకి అతను కౌంటర్ దగ్గరకొచ్చాడు. రెండు చేతుల నిండా దిండ్లు. వాటి పైనుంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మేడం, నా గదిలో మొత్తం ఎనిమిది దిండ్లున్నాయి. నేను ఒక్కణ్ణే."

"మంచిదే కదా సార్. మెత్తగా ఉంటుంది."

"మంచం మీద నాకు చోటు లేదండీ. రాత్రి కుర్చీలో పడుకున్నాను."

ఇంకెప్పుడైనా అయితే బుజ్జి పకపకా నవ్వేసేది. ఇప్పుడు రిజిస్టరు ముందుకు లాక్కుంది. "రిజిస్టర్లో రాస్తాను సార్. ఆరు దిండ్లు వాపసు." పెన్ను తీసుకుని రాసింది. రాస్తున్నంత సేపూ అతను ఆ చేతినే చూశాడు. మెల్లగా దిండ్లు సోఫాలో దించి, నోటుబుక్కులోంచి నాలుగు మడతల కాగితం తీసి రిజిస్టరు పక్కన పెట్టాడు. ఆమె చీటీ. రెండింట్లోనూ తోక పొడుగ్గా లాగిన అవే అక్షరాలు.

బుజ్జి పైప్రాణాలు పైనే పోయాయి.

"మీరేనన్నమాట," అన్నాడతను.

"సార్, మా అమ్మకి ఏమీ తెలీదు సార్. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి. రాసింది నేనే. ఎవరికీ చెడు చేద్దామని రాయలేదు. కావాలంటే ఇప్పుడే ఉద్యోగం..."

"అయ్యో, ఆగండి! నేనెవరనుకుంటున్నారు?"

"హెడ్డాఫీసు మనిషి."

"నేనా! నేను భూములు కొలుచుకునే సర్వేయర్నండీ. హెడ్డాఫీసు ఎక్కడుందో కూడా తెలీదు. చిరునామా మాత్రం..." అతను తల గోక్కున్నాడు. "తెలుసు. ఉత్తరం రాశాను కదా."

"ఏం ఉత్తరం?"

సర్వేయర్ సోఫా అంచున కూలబడ్డాడు. కిందటి నెల అక్కా బావలతో, మేనకోడలితో వచ్చాడు. ఎత్తు అంటే అతనికి చచ్చేంత భయం. మేనకోడలు జెయింట్ వీల్ ఎక్కమని చెయ్యి పట్టుకుని లాగింది. చీటీలో ఏడో సలహా ఉంది కదా అని ధైర్యం చేశాడు: భయపడేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, కళ్ళు మూసుకోకండి, దూరంగా మా హోటల్ ఆకుపచ్చ కప్పు కనిపిస్తుంది, దాన్నే చూస్తూ ఉండండి, భయం తెలీదు. ఎక్కాడు. ఎడమవైపు కూర్చున్నాడు. కప్పు కనిపించలేదు. వాటర్ ట్యాంకు అడ్డమొచ్చింది. వెతికి వెతికి, కింద చూసి, కెవ్వున అరిచాడట. వీల్ ఆపేశారట.

"నా మేనకోడలికి ఆరేళ్ళండీ. 'మామయ్యా, ఏడవకు' అంది. ఆ కోపంలో, ఏడో సలహా తప్పుంది, సరిచేయించండి అని హెడ్డాఫీసుకి రాశాను. కొలతల మనిషిని కదా, తప్పు కనిపిస్తే ఊరుకోలేను. మేము అలాంటి చీటీ ఇవ్వం, రాసినవాళ్ళ మీద చర్య తీసుకుంటాం అని జవాబొచ్చింది. ఆ రోజు నుంచి నాకు తిండి సయించడం లేదు. ఎలాగైనా ముందే హెచ్చరిద్దామని వచ్చాను."

బుజ్జి భయమంతా ఒక్కసారిగా కోపమైంది. "మీ వల్లా! మీరు కెవ్వుమన్నందుకు మేము రోడ్డున పడాలా? కళ్ళు తిరిగితే మంచినీళ్ళు తాగాలి గానీ ఉత్తరాలు రాస్తారా?"

"తప్పేనండీ. కానీ సలహా కూడా తప్పే కదా?"

"కాదు! మా మేడ మీంచి చూస్తే వీల్ ఎడమవైపు ఏ అడ్డమూ లేదు!"

అతను నోరు తెరిచాడు. "మేడ మీంచా? ఇటువైపు నుంచి చూసి రాశారా? అటువైపు కూర్చున్నవాళ్ళకి అది కుడి అవుతుంది కదండీ! అంటే మీరు ఎప్పుడూ..."

"ఎక్కలేదు," అంది బుజ్జి తల దించుకుని. "నాకు అదంటే చచ్చేంత భయం."

వెనక నుంచి గట్టిగా గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ చప్పుడు వల్లే మేనేజర్‌కి స్టాఫంతా ఉరుము అని పేరు పెట్టారు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో!

"ఇద్దరూ నా గదిలోకి రండి."

గదిలో ఉరుము బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులో నాలుగేళ్ళ చీటీలు, తేదీల వారీగా ఉన్నాయి.

"జెరాక్స్ మెషిన్‌లో రోజూ కాగితం ఎవరు పెడుతున్నారనుకున్నావమ్మాయ్? దేవతలా?"

బుజ్జి ఫైల్లోని మొదటి చీటీని వేలితో తాకి చూసింది.

"ఐదింటిలోపు హెడ్డాఫీసుకి జవాబు పంపాలి. ఈ చీటీ నాకు తెలిసే ఇస్తున్నాం, ప్రతి సలహా మావాళ్ళు స్వయంగా చూసి రాసిందే అని రాశాను. మొదటి ఆరు సలహాలకీ నేను సాక్ష్యం. ఏడోదాని దగ్గర ఆగాను. అబద్ధం మీద నేను సంతకం పెట్టను." గోడ గడియారం చూపించాడు. "మూడున్నర. వెళ్ళి ఎక్కు. ఏది కనిపిస్తుందో చూసి, సరిగ్గా రాసి, కింద నువ్వూ, ఫిర్యాదు చేసిన ఈయనా సంతకాలు పెట్టి తీసుకురండి. తేలేకపోతే రాసింది ఎవరో నేను చెప్పక తప్పదు."

"సార్, నా బదులు మీరు..."

"నాకు స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. పో, వానొచ్చేలా ఉంది."

వెనక దారిన ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ ఇద్దరూ గబగబా నడిచారు. మబ్బులు పార్కు మీదికి దిగుతున్నాయి. జెయింట్ వీల్ దగ్గర జనం లేరు. ఆపరేటర్ తలుపు గొళ్ళెం వేస్తూ, "ఇదే ఆఖరి రౌండు. వానొస్తే ఆపేస్తాం," అన్నాడు.

"ఆపేస్తే పైనున్నవాళ్ళు?" అంది బుజ్జి.

"మెల్లగా దింపుతాం లెండి," అన్నాడతను. ఆ 'లెండి' బుజ్జికి అస్సలు నచ్చలేదు.

డబ్బా కదిలింది. సర్వేయర్ కుడివైపు కూర్చున్నాడు, నోటుబుక్కు గుండెలకు హత్తుకుని. బుజ్జి ఎదురు బెంచీలో, మూలకి అతుక్కుపోయి కళ్ళు గట్టిగా మూసేసుకుంది. గాలి పెరిగింది. ఎక్కడో ఇనుము కిర్రుమంది.

"కళ్ళు మూసుకోకండి," అన్నాడతను. "ఏడో సలహా."

"అది రాసినదానికి బుద్ధి లేదు!"

"కింద చూడకండి. నాతో మాట్లాడండి. ఏదైనా అడగండి."

"సరే... ఎందుకొచ్చారు? హెచ్చరించడానికైతే ఫోన్ చేస్తే సరిపోయేది కదా?"

మొదటి చినుకు అద్దం మీద పడి జారింది.

"చీటీ నెలరోజులుగా ఈ నోటుబుక్కులోనే ఉందండీ. రోజూ చదివేవాణ్ణి. పెద్దవాళ్ళుంటే ఆ లిఫ్ట్ వద్దు, దిండు కావాలంటే ముందే అడగండి... ముక్కూ మొహం తెలీని వాళ్ళ నిద్ర గురించి ఇంత ఆలోచించే మనిషి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆ మనిషికే నా వల్ల అపకారం జరుగుతోందంటే భయమేసింది. ఈ ఎత్తు కంటే ఎక్కువ భయమేసింది."

వీల్ ఆగింది. సరిగ్గా శిఖరం మీద. డబ్బా ముందుకీ వెనక్కీ ఊగింది. బుజ్జి కెవ్వుమనబోయి, ఏదో ఒకటి పట్టుకుంది. అది అతని చెయ్యి. మంచులా ఉంది. తనకంటే ఎక్కువ వణుకుతోంది. ఇంత భయపడే మనిషి, ఒకసారి పరువు పోగొట్టుకున్నచోటికే తన కోసం మళ్ళీ ఎక్కాడు. ఆ ఆలోచన రాగానే బుజ్జి కళ్ళు తెరిచింది. లేచి, తడబడుతూ వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఏది? ఎక్కడుంది?"

"నేనింకా చూడలేదు. మీరొచ్చాక చూద్దామని."

కుడివైపు అద్దంలోంచి ఇద్దరూ చూశారు. చెట్ల అవతల ఆకుపచ్చ కప్పు స్పష్టంగా కనిపించింది. దాని పక్కన మేడ మీద తెల్ల దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. ఒక చిన్న మనిషి వాన ముంచుకురాకముందే వాటిని ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంటోంది.

"మా అమ్మ!" అంది బుజ్జి. "అదుగో, మా అమ్మ!"

ఎత్తూ, గాలీ, కిర్రుమనే ఇనుమూ అన్నీ మరిచిపోయి చెయ్యి ఊపింది. అక్కడ ఆ చిన్న మనిషి దుప్పటితో సహా ఒక క్షణం ఆగి ఇటు చూసింది. వాన జోరందుకుంది. వీల్ మెల్లగా కిందికి దిగడం మొదలెట్టింది. పట్టుకున్న చెయ్యి మాత్రం ఎవరూ వదల్లేదు.

"రాయండి," అన్నాడతను, నోటుబుక్కు ఆమె ఒళ్ళో పెట్టి. "నేను పట్టుకుంటాను."

"నోటుబుక్కా?"

"మిమ్మల్ని," అన్నాడు. అని, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఐదుకి పది నిమిషాలుందనగా ఉరుము తడిసిన ఆ కాగితాన్ని పైకెత్తి చదివాడు: "భయపడేవాళ్ళు కుడివైపు కూర్చోండి. పైకెళ్ళాక ఆకుపచ్చ కప్పు కనిపిస్తుంది. ఒంటరిగా మాత్రం ఎక్కకండి. పక్కనున్న మనిషి మీకంటే పిరికివాడైనా ఫరవాలేదు." కింద రెండు సంతకాలు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఎందుకో ఉరమలేదు. మూడో సంతకం పెట్టి, జవాబు పంపేశాడు. అరగంటకి హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. తప్పుల్లేకపోతే ఆ చీటీ అలాగే ఇవ్వండి, ఒక కాపీ మాకూ పంపండి అన్నారట.

బుజ్జి కౌంటర్ వెనక కుర్చీలో కూర్చుండిపోయింది. మూడు రోజుల భయం కళ్ళలోంచి నీళ్ళుగా దిగింది. తల తుడుచుకోమని అమ్మ తువ్వాలు అందించింది. తడిసి ముద్దయి సోఫా దగ్గర నిలబడ్డ సర్వేయర్‌కీ ఒకటి ఇచ్చింది.

"మేడ మీంచి చూశాను," అంది అమ్మ తాపీగా. "డబ్బాలో రెండు బెంచీలుంటాయి కదే? రెండోది ఖాళీగా ఉన్నట్టుంది?"

"అమ్మా! బరువు సరిపోవాలని..."

"బరువు ఒకే పక్కన పడితే సరిపోతుందా బాబూ? నువ్వు కొలతలవాడివట కదా, చెప్పు."

సర్వేయర్ తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. అమ్మ నవ్వుతూ, "రాత్రి మా ఇంటికి భోజనానికి రా. దిండ్లు తేకు," అని చెప్పి లాండ్రీ వైపు వెళ్ళిపోయింది.

ఆవిడ కనుమరుగయ్యే దాకా ఆగి అతను కౌంటర్ దగ్గరకొచ్చాడు.

"నాకింకో రెండు రోజులు గది కావాలండీ."

బుజ్జి కళ్ళు తుడుచుకుని, పెన్ను తీసుకుని, ఎక్కడలేని పెద్దరికం తెచ్చుకుంది. "గ్రౌండ్ ఫ్లోరేనా సార్?"

అతను పై అంతస్తుల వైపు ఒకసారి చూశాడు. ఆ బెదురు కళ్ళతోనే ఆమె వైపు తిరిగాడు.

"మూడో అంతస్తు. కుడివైపు. రెండో లిఫ్ట్ దాకా మీరు వస్తానంటే."