చూసేను, తిప్పు

2094 నాటికి అమలాపురంలో పదకొండో తరగతి పిల్లలు వారంలో సగం రోజులు బడికి, సగం రోజులు పనికి వెళ్లేవారు. ఏ పనికి వెళ్లాలో తేల్చుకోవాలంటే ముందు ఒక మధ్యాహ్నం అనుభవ పేటికలో పడుకోవాలి. ఎక్స్‌పీరియన్స్ పాడ్ అని దానికి గొప్ప పేరే ఉంది గానీ, పిల్లలు పెట్టె అనే అనేవారు. అందులో మూడు గంటలు పడుకుంటే తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసినట్టే ఉండేది. పొద్దున్న పప్పన్నం తిని వెళ్లిన పిల్ల సాయంత్రానికి తొమ్మిదేళ్ల సర్వీసుతో తిరిగొచ్చి, ఇంట్లో ఎవరికీ పని చేతకాదని విసుక్కునేది. తల్లిదండ్రులు దానికీ అలవాటుపడ్డారు.

మేఖల పెట్టెలోంచి లేచి పన్నెండు రోజులైంది. ఆమె మాత్రం ఇంకా అలవాటుపడలేదు.

పెట్టెలో ఆమె లస్కరు. సముద్రం ముందుకొచ్చాక కోనసీమ చుట్టూ కట్టిన షట్టర్లను ఎత్తడం, దించడం లస్కర్ల పని. తుఫానుకు కరెంటు పోతే చక్రాన్ని చేత్తో తిప్పాల్సిందే. పైన చక్రం దగ్గర ఒకరు, కింద నీటిమట్టం చూపే గేజీ దగ్గర ఒకరు ఉంటారు. సముద్రం ఊళ్లో నీటికన్నా కిందికి దిగిందని కిందివాళ్లు కళ్లారా చూసి, "చూసేను, తిప్పు" అని కేకేసేదాకా పైవాళ్లు చక్రం ముట్టుకోకూడదు. తొందరపడి ఎత్తితే వాన నీరు బయటికి పోకపోగా సముద్రమే లోపలికొస్తుంది.

ఆ తొమ్మిదేళ్లూ కింద నిలబడ్డవాడు పోతురాజు. యాభై దాటినవాడు, మాట తక్కువ. రోజూ తన డబ్బాలోంచి పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించిన పొట్టిక్కలు రెండు తీసి, ఆమె వద్దన్నా ఆమె డబ్బా మూతలో పెట్టేవాడు. ఆమె బాబాయ్ అని పిలిచేది. పెద్ద తుఫాను రోజున గేజీతో సహా అంతా నురగలో మునిగిపోయినా, కిందనుంచి "చూసేను, తిప్పు" అన్న కేక తొణక్కుండా వచ్చింది. ఆమె తిప్పింది. ఊరు మిగిలింది. ఆ నీళ్లలో బాబాయ్‌కి ఏం కనబడిందో అడుగుదామనుకునేలోపే మూడు గంటలూ అయిపోయాయి.

శుక్రవారంలోగా ఆమె లస్కరు శిక్షణకు సంతకం పెట్టాలి. బాబాయ్ లేని గేటు మీద నిలబడటం ఆమెకు ఊహకు కూడా అందడం లేదు. గురువారం పొద్దున్నే పేటికను రూపొందించిన డాక్టర్ జెస్సీ రత్నం గదికి వెళ్లింది.

"మేడమ్, పోతురాజు బాబాయ్‌ని ఎవర్ని చూసి తయారుచేశారండి? ఆయన ఎక్కడున్నా వెళ్లి చూసొస్తాను."

"మేం తయారుచెయ్యలేదమ్మా," అంది జెస్సీ రత్నం. "నీళ్లని చేశాం, గాలిని చేశాం. పని తెలిసిన మనిషిని మాత్రం చెయ్యలేకపోయాం. పాత లస్కర్లని ఎవరూ ఏమీ అడగలేదు. మాకు అడగాలని తోచేసరికి ఒక్కరూ లేరు."

"మరి ఆయన ఎవరండి?"

"ఇంకో పెట్టెలో పడుకున్న ఇంకో స్టూడెంట్. ఇద్దరి మధ్యా సీనియారిటీ ఫిల్టర్ పెడతాం, పెద్దరికపు తెర అనుకో. అది రూపం, నడక, గొంతు, పిలుపు మారుస్తుంది. చేసే పని, చెప్పే మాట వాళ్లవే. పక్కనున్నది పెద్దవాళ్లనుకుంటే పిల్లలు ఎంత తొందరగా నేర్చుకుంటారో చూసి మేమే తెల్లబోయాం." ఆమె తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పేర్లు చెప్పకూడదని రూలు. కానీ నిన్న అవతలి నుంచి కూడా ఇదే దరఖాస్తు వచ్చింది. నాకు కాదనబుద్ధి కాలేదు. మధ్యాహ్నం లాంచీకి రమ్మన్నాను, రేవు దగ్గరుండు."

మధ్యాహ్నానికి నరసాపురం లాంచీ వచ్చింది. అందులోంచి మేఖల ఈడు అమ్మాయి దిగింది. పేరు షాహిదా. రేవంతా కలయజూసి, మేఖల దగ్గరకొచ్చి అడిగింది.

"మంగాయమ్మ పిన్నిగారు రాలేదాండి? ఇక్కడుంటారని చెప్పేరు."

అంటే పోతురాజు బాబాయ్ ఈ అమ్మాయే. ఆ అమ్మాయికి పెద్దరికపు తెరలోంచి తను మంగాయమ్మగా కనబడింది కాబోలు. "నేనే," అంది మేఖల.

షాహిదా ఆమె వంక చాలాసేపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కేటప్పుడు నా భుజం పట్టుకునేవారు," అని మాత్రం అంది. మేఖల మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. అయినా తప్పు తనదైనట్టు తల దించుకుంది.

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. మేఖల ఆగలేకపోయింది.

"తుఫాను రోజున నీకేం కనబడింది?"

"ఏం కనబడలేదు."

"చూసేను అన్నావుగా."

"పిన్నిగారు పైనుంచి అంతా చూసేశారనుకున్నాను. నాకు తెలుసో లేదో పరీక్ష చేస్తున్నారనుకున్నాను. తెలీదంటే ఆవిడ ముందు చిన్నతనం కదా. అందుకని అనేశాను."

"ఆ మాట పట్టుకుని నేను చక్రం తిప్పేశాను," అంది మేఖల. పెట్టెలోదే అయినా ఒక ఊరు, లక్షమంది జనం, ఏమీ తెలియని ఇద్దరి మర్యాద మీద బతికారు. ఎదురుగా నిజం షట్టర్ల మీద పదిమంది లస్కర్లు పని చేసుకుంటున్నారు. వాళ్లందరూ పెట్టెలో నేర్చుకున్నవాళ్లే.

షాహిదా అడిగింది. "రేపు సంతకం పెడతావా?"

"నువ్వు పెడితే పెడతాను. కాకపోతే ఈసారి కింద నేనుంటాను. కనబడకపోతే కనబడలేదనే చెప్తాను."

"నేనప్పుడు తిప్పను," అంది షాహిదా. తొమ్మిదేళ్లలో వాళ్లు నిజంగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

లాంచీకి వేళైంది. ఇద్దరూ లేచారు. ఇంత మంచి స్నేహితురాలు దొరికినందుకు మేఖల సంతోషపడాలి, పడింది కూడా. కానీ చెయ్యి ఊపుతూనే, షాహిదా వెనక లాంచీ ఎక్కుతున్నవాళ్లలో యాభై దాటిన మగవాళ్లందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. లాంచీ మీద నుంచి షాహిదా కూడా చెయ్యి ఊపింది. ఆమె చూపు మేఖల మీద లేదు. గట్టు మీద మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్న ఎవరో ముసలమ్మ మీద ఉంది.