చిలకపచ్చ కారుకు కొత్త రంగు

సరిహద్దు అవతల కారుకు రంగు సగం ధరకే వేస్తారని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. చెక్‌పోస్టు దాటి గంట ప్రయాణం. టైర్ల కొట్ల వెనక వరసగా రేకుల షెడ్లుంటాయి. పొద్దున బండి ఇస్తే సాయంత్రానికి మెరిసిపోతూ చేతికొస్తుంది. అందుకే కళ్ళజోళ్ళాయన అటు బయల్దేరాడంటే ఎవరూ వింతగా చూడలేదు. బజార్లో కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. దుకాణం పేరే అతని పేరైపోయింది.

కారు చిలకపచ్చ రంగు. వీధి చివర్నుంచే కనపడేది. అది మామగారి కారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఏరి కోరి ఆ రంగే కొన్నారు. "దూరం నుంచి కనపడాలి అల్లుడూ, బండికి అదే రక్ష" అనేవారు. చూపు మందగించాక తాళాలు అల్లుడి చేతిలో పెట్టి, తాను వెనక సీట్లోకి మారారు. అక్కడ కూర్చుని కూడా ప్రతి మలుపులోనూ కాలితో లేని బ్రేకు తొక్కుతుండేవారు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

"రేకు తుప్పు పడుతోంది. అక్కడైతే చవక. తెలుపు వేయించేస్తాను" అన్నాడు భార్యతో. ఆమె బళ్ళో టీచరు. దిద్దుతున్న పేపర్లలోంచి తలెత్తకుండా "మీ ఇష్టం" అంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె అన్నిటికీ ఆ మాటే అంటోంది.

తుప్పు మాట ఉత్తదే. పొద్దున్నే తలుపు తీయగానే ఎదురుగా ఆ పచ్చరంగు కనపడితే అతనికి తల కొట్టేసినట్లుండేది.

రంగుల మేస్త్రి బక్కపల్చటి మనిషి. మెడలో మాస్కు, చేతులనిండా రకరకాల రంగులు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, రేకు మీద వేలితో తట్టి, "తుప్పెక్కడుంది సార్? బంగారంలా ఉంది" అన్నాడు. కళ్ళజోళ్ళాయన వినపడనట్లు తాళాలు అందించాడు.

మేస్త్రి బాటరీ ఊడదీసి గోడవారగా పెట్టాడు. నిప్పురవ్వ పుడితే షెడ్డంతా పోతుందట. అద్దాలన్నిటికీ పాత పేపర్లు అంటించి అంచులు టేపు వేశాడు. వెనక ఎడమవైపు అద్దం వేలెడు మేర కిందికి దిగి పైకి రానంది. ఆ సందు మీద కూడా పేపరు కప్పేశాడు. చుట్టూ ప్లాస్టిక్ పరదాలు దించి, కంప్రెసర్ వేశాడు.

కళ్ళజోళ్ళాయన బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎండ చుర్రుమంటోంది. థిన్నర్ వాసన ముక్కుపుటాల్ని కోస్తోంది. పని లేని చోట ఊరికే కూర్చోవడం అతనికి ఈమధ్య పడడం లేదు. కూర్చుంటే చాలు, ఆ ఆదివారం వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

ఆ రోజు భార్య చెల్లెలింటికి వెళ్ళింది. టీవీలో మ్యాచ్ రసవత్తరంగా ఉంది. మామగారు గుండె మీద చెయ్యి వేసుకుని వచ్చి, "అల్లుడూ, లోపలేదో పట్టేసినట్లుంది. ఒకసారి ఆసుపత్రికి వెళ్దామా?" అన్నారు. తలుపు దగ్గరే నిలబడి, మొహమాటపడుతూ అన్నారు.

"గ్యాస్ అయ్యుంటుంది మామయ్యా. మ్యాచ్ అయిపోనివ్వండి, వెళ్దాం."

"అలాగే నాయనా. నేను వెళ్ళి కార్లో కూర్చుంటా" అని ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

కాసేపటికి హారన్ మోగింది. మూడుసార్లు, పొట్టిగా, బస్సు కదిలే ముందు ప్రయాణికుల్ని పిలిచినట్లు. పెద్దాయన చాదస్తం అనుకుని టీవీ సౌండు పెంచుకున్నాడు. మ్యాచ్ అయ్యాక వెళ్ళి చూస్తే...

నిద్రపోయాననీ, ఆయన ఎప్పుడు వెళ్ళి కార్లో కూర్చున్నారో తెలియనే తెలియదనీ అందరికీ చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. దుకాణానికొచ్చి మరీ ఓదార్చారు. ఆ ఓదార్పులన్నీ దొంగసొత్తులా దాచుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ కంప్రెసర్ ఆగింది. పక్క షెడ్లలోనూ సుత్తుల చప్పుడు ఆగిపోయింది. అంతా నిశ్శబ్దం.

అప్పుడు హారన్ మోగింది.

మూడుసార్లు. పొట్టిగా.

అతను గోడ వైపు చూశాడు. బాటరీ నేల మీదే ఉంది. వైర్లు వేలాడుతున్నాయి.

మేస్త్రి పరదా తొలగించుకుని విసురుగా బయటికొచ్చాడు. మాస్కు కిందికి లాగి, "అదేం పని సార్? లోపల మనిషున్నాడని చెప్పొద్దా?" అన్నాడు.

"ఎవరూ లేరు... ఒక్కణ్ణే వచ్చాను."

"ముందువైపు అద్దానికి టేపు ఊడితే సరిచేస్తూ చూశాను సార్. వెనక సీట్లో పెద్దాయన. చొక్కా పైగుండీలు విప్పుకుని చేత్తో విసురుకుంటున్నాడు. ఈ వాసనకి మాకే ఊపిరాడదు, ఆ వయసు మనిషిని పెట్టి మూసేస్తారా ఎవరైనా?"

మేస్త్రి కళ్ళలో భయం లేదు. ఉన్నదల్లా అసహ్యం. ఎవరి కళ్ళలోనైనా చూడాల్సి వస్తుందేమోనని ఎనిమిది నెలలుగా అతను హడలిపోతున్నది ఆ అసహ్యానికే.

"మీ నాన్నగారా?" అన్నాడు మేస్త్రి.

"నాకు... నాకు తెలీదు" అన్నాడు. ఆ మాట నోటి నుంచి వస్తుంటే సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఇద్దరూ పరదా లోపలికి వెళ్ళారు. మూడు తలుపులకు తెల్లరంగు పడింది. వెనక ఎడమ తలుపు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. పైన అద్దం సందుకు అంటించిన పేపరు...

కదులుతోంది.

మెల్లిగా లోపలికి పీల్చుకుంటోంది. ఆగుతోంది. బయటికి ఉబ్బుతోంది. మళ్ళీ లోపలికి. గాలి లేదు. పరదాలు కూడా కదలడం లేదు. పేపరు మధ్యలో గుండ్రంగా తడి మచ్చ. ఉబ్బినప్పుడల్లా అది కొంచెం పెద్దదవుతోంది.

"తలుపు తియ్యండి సార్" మేస్త్రి గుసగుసగా అన్నాడు.

చేయి హ్యాండిల్ దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. తీస్తే ఆ మొహం చూడాలి. ఏ మొహం పెట్టుకుని చూస్తాడు?

పేపరు వేగంగా కదలసాగింది. లోపలికి... బయటికి... లోపలికి... దాని వెనక నుంచి, చెవికి ఆనేంత దగ్గరగా, సన్నని గొంతు. కోపం లేదు. అదే మొహమాటం.

"అల్లుడూ... మ్యాచ్ అయిపోయిందా?"

అతను కదల్లేదు. రెండోసారి కూడా... కదల్లేదు.

పేపరు ఒక్కసారి లోపలికి పీల్చుకుని అలాగే ఉండిపోయింది. మళ్ళీ ఉబ్బలేదు.

మేస్త్రి అతన్ని పక్కకు నెట్టి తలుపు లాగేశాడు. సీటు ఖాళీ. థిన్నర్ వాసన చొరని ఆ కారులో చెమట వాసన మాత్రం గుప్పుమంది.

మేస్త్రి బాటరీ తెచ్చి బిగించాడు. పేపర్లు చింపేశాడు. డబ్బు తీయబోతే వద్దన్నాడు. "మిగిలింది నా వల్ల కాదు. ఇంటికెళ్ళి, ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళకి చెప్పుకోండి" అని వెనక్కి చూడకుండా షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ తిరుగు ప్రయాణమంతా అతను అద్దంలోకి చూడలేదు. చెక్‌పోస్టు దగ్గర కాపలావాళ్ళు మూడు తెల్ల తలుపుల్నీ ఒక పచ్చ తలుపునీ చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వుకి అతనికి ఏమీ అనిపించలేదు. పొద్దు వాలేసరికి ఇల్లు చేరాడు.

భార్య పేపర్లు దిద్దుకుంటోంది. ఎదురుగా నేల మీద కూర్చుని, తల దించుకుని మొత్తం చెప్పేశాడు. ఆయన అడగడం, తాను తర్వాత వెళ్దామనడం, హారన్, టీవీ సౌండు. "నిద్రపోలేదు. విన్నాను. మూడుసార్లు విన్నాను" అన్నాడు.

ఆమె ఎర్రపెన్ను పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె అయోమయంగా చూసింది.

"ఎందుకండీ మళ్ళీ అబద్ధం? మీరు నాన్నని తీసుకెళ్ళారుగా."

"నేనా?"

"ఆ రోజు నాలుగింటికి నాన్న ఫోన్ చేశాడు. 'అల్లుడు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడమ్మా, దారిలో ఉన్నాం, చాలా జాగ్రత్తగా నడుపుతున్నాడు' అన్నాడు. నేను కూడా ఆసుపత్రికని బస్సెక్కాను. సగం దూరం పోయాక ఇంటికి రమ్మని మీ ఫోనొచ్చింది. దారిలోనే ప్రాణం పోతే భయపడి వెనక్కి తెచ్చేశారనుకున్నా. నిద్రపోయానని చెప్పుకుంటుంటే నోరెత్తలేదు. తీసుకెళ్ళడమైతే తీసుకెళ్ళారు కదా అని సరిపెట్టుకున్నా."

అతను తలెత్తి చూశాడు.

"నేను... ఇంట్లోంచి కదల్లేదు."

"ఫోను మీకివ్వమంటే ఇచ్చాడు కదండీ. మీరు మాట్లాడారు."

"ఏమన్నాను?" అన్నాడు.

"'కంగారుపడకు, చేరిపోయినట్లే' అన్నారు." ఆమె అతని మొహంలోకి వంగి చూసింది. "అచ్చం మీ గొంతే. అని నవ్వారు. వెనక నాన్న ఆయాసపడుతుంటే నవ్వారు. అడగాలని ఎనిమిది నెలల్నుంచీ అనుకుంటున్నా... ఎందుకు నవ్వారండీ?"