నీలావతి పేరు కొట్టేసిన రోజు

పొద్దున్నే యశోదమ్మ పట్టునూలుకు రంగు కాచే పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తోంది. బడికి పోయిన కూతురు నీలావతి పావుగంటలోనే తిరిగొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ.

"నా పేరు కొట్టేసినారమ్మా. నాయన నిన్ననే వచ్చి వద్దని చెప్పినాడంట."

యూనివర్సిటీ కెమిస్ట్రీ మేష్టర్లు ఎస్సెల్సీ పిల్లలను అనంతపురం పిలిపించి, ఒక రోజంతా లెబొరేటరీలో వాళ్ళ చేతనే ప్రయోగాలు చేయిస్తారని కబురొచ్చి నెలయింది. ధర్మవరం నుంచి ఎనిమిది మందిని ఎంచారు. ఆడపిల్ల నీలావతి ఒక్కతే. రైలుకు ఇంకా గంట ఉంది.

యశోదమ్మ మగ్గం దగ్గరికి పోయి మొగుడి ఎదుట నిలబడింది.

"బిడ్డ పేరు ఎందుకు కొట్టేయించినావు?"

"ఆడ అన్నీ ఆసిడ్లంట. చేతులు కాల్చుకుంటే పట్టుపని ఎవరు చేస్తారు?" అన్నాడు రంగప్ప, తలెత్తకుండానే.

యశోదమ్మకు ఒళ్ళు మండిపోయింది. రెండు చేతులూ అతని ముందు చాపింది. వేళ్ళ సందుల్లో తోలు ఊడి పచ్చిగా ఉంది.

"పద్దెనిమిదేండ్లుగా నీ రంగు తొట్టిలో కాలుతాండాయి ఇవి. ఒక్కనాడన్నా వద్దంటివా? ఈడ కాలితే పని, ఆడ కాలితే ప్రమాదమా?"

"ఏమే, గొంతు లేస్తాండాది?"

"లేస్తాది! బిడ్డ పోతాది."

కూతురి చెయ్యి పట్టుకుని బడికి నడిచింది. "తండ్రి వద్దన్నాడు కదమ్మా" అని హెడ్మాస్టరు నసిగాడు.

"తల్లి పంపిస్తాండాది. రాసుకోండి."

పేరు మళ్ళీ ఎక్కింది.

సాయంత్రం రైలు దిగి నీలావతి పరుగున వచ్చింది. "అమ్మా, గాజు గొట్టంలోంచి చుక్క చుక్క వదిలినా. ఒకే ఒక్క చుక్కకు నీళ్ళు గులాబీ రంగుకు తిరిగినాయి! నా చేత్తోనే!"

రంగప్ప మగ్గం మీంచి లేచి వచ్చాడు. మేష్టరిచ్చిన నీలం కాగితం ముక్కల్లో ఒకదాన్ని నీలావతి, మందు పోసి ఇంకా రంగు కలపని తొట్టి నీళ్ళలో ముంచింది. కాగితం ఎర్రబడింది.

"ఎర్రబడిందంటే ఇది ఆసిడ్ నాయనా. అమ్మ దినామూ చేతులు పెట్టేది దీంట్లోనే. కర్రతో తిప్పాల గానీ చేతులు పెట్టకూడదు."

రంగప్ప ఇంకో ముక్క తీసుకుని తనే ముంచాడు. అదీ ఎర్రబడింది. చాలాసేపు భార్య చేతుల వంక చూశాడు.

"రంగు పట్టే మందనుకుంటి గానీ... నేను చూడల్యా యశోదా."

"ఇప్పుడన్నా చూసినావు" అంది ఆమె, కోపం తగ్గకుండానే.

అతను కళ్ళొత్తుకుని కూతురి వైపు తిరిగాడు. "మళ్ళా ఎప్పుడు పిలుస్తారంట?"

"మళ్ళా పిలవరు నాయనా. కాలేజీలో చేరితేనే."

"అయితే చేరాల్సిందే" అన్నాడు రంగప్ప.

పొద్దుటి నుంచి బిగబట్టుకున్న యశోదమ్మ అప్పుడు ఏడ్చింది.