నడిపింది ఎవరు?

"బ్రేక్! బ్రేక్! దెబోరా గారూ, అది బ్రేక్ కాదండీ!"

ఆమోసు అరుపు పూర్తయ్యేలోపే పనైపోయింది. వెనక్కి తియ్యమన్న కారు వెనక్కే వెళ్ళింది పాపం. కాకపోతే వెళ్ళాల్సినదానికన్నా ఇంకాస్త ముచ్చటపడి వెళ్ళి, నల్ల పికప్ ట్రక్కును గుద్దింది. గాజు పగిలి జలజల రాలింది. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో, ఆ అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్‌లో ఇంకెవరూ లేరు.

దెబోరా స్టీరింగ్ వదల్లేదు. "ఏమైంది బ్రదర్?" అంది పీలగొంతుతో.

ఏమైందో ఆమెకూ తెలుసు. గుంటూరులో నర్సుగా చేసి, ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి, అక్కాబావల ఇంట్లో దిగి మూడు నెలలైంది. తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో మగవాళ్ళందరూ ఆమెకు బ్రదర్సే. డ్రైవింగ్ నేర్పిస్తానని ఎగిరి గంతేసి ముందుకొచ్చిన ఆమోసు కూడా బ్రదరే. ఆ మాట విన్నప్పుడల్లా అతగాడి ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు మాత్రం దానికి ఏడ్చే తీరిక కూడా లేదు.

ట్రక్కు హెడ్‌లైట్ ముక్కలైంది. అదెవరిదో ఆమోసుకు తెలుసు. తన ఎదురు బిల్డింగ్‌లో కింద వాటాలో ఉండే అమెరికన్‌ది. తలుపంత మనిషి, ఛాతీదాకా గడ్డం. ఆమోసు ఎన్నిసార్లు హలో చెప్పినా పలికిన పాపాన పోలేదు. పైగా ఆ ఏడాది, 1987లో, చుట్టుపక్కల ఊళ్ళలో మనవాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయి. దారిన పోయేవాళ్ళను పట్టుకుని కొడుతున్నారు. చీర కట్టుకుని ఒంటరిగా బయటికెళ్ళొద్దని దెబోరాకు వాళ్ళక్క రోజూ చెబుతూనే ఉంది.

"ఎవరూ చూళ్ళేదు," అన్నాడు ఆమోసు గుసగుసగా. "మీరు దిగి ఇటొచ్చెయ్యండి. నేను డ్రైవ్ చేస్తాను. వెళ్ళిపోదాం."

"చెప్పకుండానా?"

"మీకు లెర్నర్ పర్మిట్ కూడా లేదండీ! పోలీసులొస్తే? కేసు రాస్తే? వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించేస్తే?"

దెబోరా మొహంలో నెత్తుటి చుక్క లేదు. "నాకూ భయంగానే ఉంది బ్రదర్. కానీ రేపు ప్రార్థనలో ఏమని చెప్పుకోను? ప్రభువు పొరుగువాణ్ణి ప్రేమించమన్నాడు గానీ, పొరుగువాడి లైటు పగలగొట్టి పారిపొమ్మన్లేదుగా?"

నవ్వాలో ఏడవాలో ఆమోసుకు తెలియలేదు. అంతలో అతనికి బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది.

"సరే, చెబుదాం. కానీ నడిపింది నేనని చెబుతాను. నాకు లైసెన్స్ ఉంది. గొడవే ఉండదు."

"అబద్ధం చెబుతారా?"

"అబద్ధమెలా అవుతుంది? మన తప్పులన్నీ ప్రభువు తన మీద వేసుకోలేదూ? నేను మీ తప్పు ఒక్కటి వేసుకుంటున్నాను, అంతే!"

ఇంత చక్కటి ప్రసంగం తానెప్పుడూ చెయ్యలేదనుకున్నాడు మహానుభావుడు. దెబోరా కళ్ళెర్రజేసింది.

"ఆయన మోశాడు గానీ, అబద్ధమాడి మొయ్యలేదు."

అంటూనే కారు దిగింది. చినుకులు మొదలయ్యాయి. ఆమోసు కూడా దిగి ఆమె వెనకే పరిగెత్తాడు. తలుపు కొట్టగానే లోపల కుక్క భయంకరంగా మొరిగింది. దెబోరా రెండడుగులు వెనక్కి వేసింది, మళ్ళీ ముందుకే వచ్చి నిలబడింది.

తలుపు తెరుచుకుంది. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో ఎగిరిపోయింది ఆమెకు. "సర్... యువర్ ట్రక్..." అని వేలు చూపించింది.

అతను వానలోనే నడిచి వెళ్ళి, వంగి లైటు చూశాడు. లేచేసరికి మొహం కందగడ్డలా ఉంది.

"హూ వాజ్ డ్రైవింగ్?"

దెబోరా నోరు తెరిచింది. 'ఐ... ఐ...' దగ్గరే ఆగిపోయింది. అతని చూపు ఆమోసు మీదకు తిరిగింది. 'నేనే' అన్న మాట ఆమోసు నాలుక మీదే ఉంది. ఆ ఒక్క మాట అంటే ఆమె బతికిపోతుంది. ఆమె వైపు చూశాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కూడా ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈవిడే నడిపారు," అన్నాడు ఆమోసు ఇంగ్లీషులో. "ఈవిడకు పర్మిట్ లేదు. లేదని తెలిసి కూడా తాళాలు ఇచ్చింది నేను. నడపమన్నదీ నేనే. పోలీసులను పిలిస్తే ముందు నన్ను అడగమనండి."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

అతను ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "స్టే హియర్," అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. కిటికీలోంచి ఫోన్ డయల్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"పోలీసులకే," అంది దెబోరా. అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆమోసు గారూ, నన్ను పంపించేస్తే మళ్ళీ రానివ్వరేమో!"

బ్రదర్ అనలేదు. అంత భయంలోనూ ఆ సంగతి గమనించాడు గడుగ్గాయి.

"ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి నేనూ వస్తానండీ. ప్రార్థన చెయ్యండి."

"చేస్తున్నాను. మాటలు రావట్లేదు."

ఇద్దరూ తడుస్తూ అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"పార్ట్స్ షాపుకి ఫోన్ చేశాను. లైటు సోమవారం వస్తుంది," అన్నాడతను ఆమోసుతో. "నువ్వే కొనుక్కొచ్చి బిగించాలి. పర్మిట్ వచ్చేదాకా ఈ అమ్మాయి నా ట్రక్కు దగ్గర కనిపించిందంటే మాత్రం పోలీసులనే పిలుస్తాను."

తలుపు ధడాలున మూసుకుంది.

కారెక్కాక ఆమోసు రెండుసార్లు తాళం జారవిడిచాడు. మూడోసారి పెట్టాడు గానీ తిప్పలేదు.

"అయిపోయిందిగా, ఇంకా ఎందుకండీ భయం?" అంది దెబోరా.

"ఇంకో నిజం మిగిలిపోయిందండీ."

"ఏంటది?"

"డ్రైవింగ్ నేర్పిస్తానన్నది ఫెలోషిప్ సిస్టర్‌కి సాయం చేద్దామని కాదు. మీ పక్కన కూర్చోవచ్చని. మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకోవాలనుంది."

వాన జోరందుకుంది. దెబోరా అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ గడ్డం మనిషి తలుపు ముందు కూడా ఆమోసుకు ఇంత భయం వెయ్యలేదు.

"ఈ మాట మా బావగారితో అనగలరా?" అంది చివరికి.

బావగారు దైవాశీర్వాదంగారు సంఘ పెద్ద. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఫెలోషిప్‌లో లేరు.

"అనగలను," అన్నాడు ఆమోసు. "పర్మిట్ లేకుండా మీకు కారిచ్చిన సంగతి కూడా చెప్పాలా?"

"అది ముందు చెప్పాలి."

"అది విన్నాక పిల్లనిస్తారంటారా?"

దెబోరా సిగ్గుపడుతూ నవ్వింది. "ఇచ్చేదాకా నేను మీ పక్కనే నిలబడతాను. ఇందాక మీరు నా పక్కన నిలబడలేదూ?"

ఆమోసు కారు స్టార్ట్ చేసి, బావగారింటి వైపు తిప్పాడు.